ముప్పావు అంగుళం

జనవరి 13, సోమవారం

ఈ పుస్తకంలో ముందు నుంచి పాదాల కొలత గీతలున్నాయి. నేను వెనక నుంచి రాస్తున్నాను. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఉండనీ. చదివేవాడెవడూ లేడు. కోడలు ఈ గదిలోకి రాదు, తోలు వాసన పడదు.

చెప్పుకోవలసిన మాట ఒకటుంది, చెప్పుకోడానికి మనిషి లేడు. పెళ్ళాం ఉన్నప్పుడు ఆవిడకు చెప్పేవాణ్ణి. ఆవిడ వినేది కాదు. అయినా చెబితే తేలిక.

ఇవాళ పెద్దాయన బూట్లు వచ్చాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి సోమవారం వస్తాయి. దేశాన్ని ఏలేవాడి బూట్లు ఇంకొకడు ముట్టుకోడు, నేనే కుట్టాలి, నేనే బాగు చెయ్యాలి. ఒక జత వస్తుంది, ఒక జత పోతుంది. డ్రైవరు తెచ్చి బల్ల మీద పెడతాడు. తుడిచి, రంగు పట్టించి, కుట్టు చూసి, పంపే ముందు అడుగున సుద్దతో అడ్డగీత ఒకటి గీస్తాను. పని అయిందని నాకు గుర్తు. మనిషి నాలుగడుగులు వేస్తే ఆ గీత చెరిగిపోతుంది. తివాచీ మీద నడిచినా చెరుగుతుంది.

పోయిన సోమవారం వచ్చిన జత మీద గీత అలాగే ఉంది. ఇవాళ వచ్చిన రెండో జత మీదా అలాగే ఉంది.

డ్రైవరును అడిగాను. "పెద్దాయన ఊళ్ళో లేడా?"

"ఎందుకు లేరు? నిన్న టీవీలో చూళ్ళేదా, వంతెన ప్రారంభించారు."

"ఏ బూట్లతో?"

"నువ్వు కుట్టినవే. నువ్వు తప్ప ఆయనకి ఇంకెవరు కుడతారు తాతా?"

నా పనిని పొగిడితే నా నోరు మూతపడుతుంది. వాడికది తెలుసు.

జనవరి 20, సోమవారం

గీత అలాగే ఉంది.

జనవరి 27, సోమవారం

అలాగే ఉంది. లోపల చెయ్యి పెట్టి చూశాను. తొడిగిన బూటులో వారం తర్వాత కూడా మనిషి వాసన ఉంటుంది. ఇందులో నా మైనం దారం వాసన తప్ప ఏమీ లేదు.

కాళ్ళ నొప్పులేమో. ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకుంటున్నాడేమో. అంతే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

పొడుగు ఫోను చేశాడు. మనవడికి ఆ పేరు నేనే పెట్టాను, పద్నాలుగో ఏటే నన్ను దాటిపోయాడు. సైన్యంలో చేరి ఏడాదిన్నర అయింది, ఇప్పుడు సరిహద్దు క్యాంపులో ఉన్నాడు. వాళ్ళమ్మతో అరగంట, నాతో అర నిమిషం.

"తాతా, వీళ్ళిచ్చిన బూట్లు చూస్తే ఏడుస్తావు."

"నేనెందుకు ఏడుస్తాను, కుట్టినవాడు ఏడవాలి. మడమ కొరుకుతోందా?"

"ఎడమది."

"లోపల సబ్బు రాసి తొడుక్కో. ఊరికే నడవకు."

"సైన్యంలో ఊరికే నడవడమే పని తాతా."

కొడుకు పోయాక ఈ ఇంట్లో మగ గొంతంటే వాడిదే. నాది గొంతు కాదట, గొణుగుడట. కోడలి మాట. నిజమే.

ఫిబ్రవరి 10, సోమవారం

ఇవాళ గీత లేదు. మనసు తేలికపడింది. లేచి తిరుగుతున్నాడనుకున్నాను.

తర్వాత మడమలు చూశాను.

ఇది రాయాలంటే ముప్పై ఒక్క ఏళ్ళు కడుపులో దాచిన సంగతి రాయాలి. పెద్దాయన ఎడమ కాలు ముప్పావు అంగుళం పొట్టి. పుట్టుకతో వచ్చింది. ఎడమ బూటులో మడమ కింద తోలు పొరలు పేర్చి ఆ ముప్పావు అంగుళం నేను పూడుస్తాను. బయటికి తెలియకుండా రెండు బూట్లకూ వెనక భాగం ఒకే ఎత్తున కోస్తాను. పక్కపక్కన పెట్టి చూసినా ఎవడూ కనిపెట్టలేడు. లోపల చెయ్యి పెడితేనే తెలుస్తుంది. ఆ బూట్లలో చెయ్యి పెట్టేవాణ్ణి నేనొక్కణ్ణే.

మొదటి జత తొడుక్కుని గదిలో అటూ ఇటూ నడిచాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. "కుంటివాడి వెనక ఎవడూ నడవడయ్యా. ఇది నీకూ నాకూ మధ్య" అన్నాడు. నేను పెళ్ళానికి కూడా చెప్పలేదు.

ఆయన తొడిగితే రెండు మడమలూ సమంగా అరుగుతాయి. ఇవాళ వచ్చిన జతలో కుడి మడమ ఒక్క వారంలో గోరంత అరిగింది. ఎడమది కొత్తగా ఉంది. రెండు కాళ్ళూ సమంగా ఉన్న మనిషి ఆ బూట్లు తొడిగితే అలా అరుగుతుంది. ఎడమవైపు లేస్తాడు, కుడివైపు పడతాడు.

లోపలి అట్ట మీద పాదం అచ్చు పడుతుంది, చెమటకు నల్లగా. పెద్దాయన అచ్చు నాకు నా అరచేయంత తెలుసు. దాని మీద ఇంకో అచ్చు ఉంది. బొటనవేలు వేరే చోట ఉంది. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూశాను. ఒకే బూటులో ఇద్దరు మనుషులు.

డ్రైవరుకు ఇచ్చి పంపేశాను. సుద్ద గీత గీయడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 11

కాళ్ళు వాచి ఉంటాయి. వాస్తే వేళ్ళు పక్కకు జరుగుతాయి. అలాంటి కాళ్ళు చాలా చూశాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

టీ కొట్టు దగ్గర పొద్దున్నే జనం. టీవీలో పెద్దాయన. రెండు నెలల తర్వాత జనం మధ్యకు వచ్చాడట. అయితే ఆ వంతెన ఎప్పటి బొమ్మో.

కుంటుతున్నాడు.

పొద్దున ఎవరికీ ఏమీ తెలియదు. సాయంత్రానికి టీవీవాళ్ళకు అన్నీ తెలిసిపోయాయి. పొరుగు దేశంవాళ్ళు ఆయన కారు కింద బాంబు పెట్టారట. కాలికి గాయమైనా జనం కంగారుపడతారని రెండు నెలలు దాచాడట.

"నొప్పిని పళ్ళ బిగువున దాచాడు చూడండి" అన్నాడు టీ కొట్టువాడు. "అదే నాకు పన్ను నొప్పి వస్తే వీధంతా టముకు."

"పొరుగువాళ్ళ రెండు కాళ్ళూ విరగ్గొట్టాలి" అని ఇంకొకడు.

"నువ్వు ముందు మూడు రోజుల టీ బాకీ విరగ్గొట్టు."

అందరూ నవ్వారు. నవ్వి మళ్ళీ టీవీ వైపు తిరిగారు. అప్పుడెవరూ నవ్వలేదు.

నేను ఆయన మొహం చూడలేదు. కాళ్ళే చూశాను. లేవడం ఎడమ, పడడం కుడి. ఎంత ఎత్తు లేస్తున్నాడో నా కంటికి కొలబద్ద అక్కర్లేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

సైన్యాన్ని పొరుగు దేశంలోకి పంపుతున్నారు. ఇది యుద్ధం కాదట, చేయూతట. అక్కడ మన మాట మాట్లాడే జనం కష్టాల్లో ఉన్నారట. మూడు వారాల్లో తిరిగి వచ్చేస్తారట. పెద్ద దేశాలన్నీ ఆందోళన వ్యక్తం చేశాయని చెప్పారు. వ్యక్తం చేసి భోజనాలకు లేచి ఉంటారు.

"గొంతు కొంచెం నీరసంగా ఉంది పాపం" అంది కోడలు.

నాకు గొంతులు తెలియవు.

ఫిబ్రవరి 24, సోమవారం

కళ్ళజోడు వచ్చాడు. పెద్దింట్లో కాగితాలన్నీ అతని చేతుల మీదుగా నడుస్తాయి. ఇన్నేళ్ళలో నా గడప తొక్కడం ఇదే మొదలు. కూర్చోమంటే బల్ల మీద దుమ్ము చూసి నిలబడే ఉన్నాడు.

"మూడు జతలు కావాలి. తొందరగా. పెద్దాయన ఇప్పుడు రోజూ జనంలోకి వెళ్తున్నారు."

"కొలత తీసుకోవాలి. గాయమంటున్నారు, పాదం మారి ఉంటుంది."

"కొలతలేం వద్దు. పాతవి ఎలా ఉన్నాయో అలాగే కావాలి."

"అలాగేనా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? అచ్చుగుద్దినట్టు అలాగే. తేడా వస్తే ఊరుకోను."

అరికాలి మంట నెత్తికెక్కింది. నా పనిలో తేడా వస్తుందట. ఎత్తు సంగతి ఇతనికి తెలియదని అప్పుడే అర్థమైంది. ఆయన ఇతనికి కూడా చెప్పలేదన్నమాట. చెబుదామా అనుకున్నాను. తేడా వస్తే ఊరుకోనన్నవాడికి నేనెందుకు చెప్పాలి? అలాగే అన్నాడు, అలాగే చేస్తాను.

మార్చి 3, సోమవారం

మూడు జతలూ పోయాయి. నా జన్మలో ఇంత మంచి పని చెయ్యలేదు. ముప్పావు అంగుళం, వెంట్రుక తేడా లేదు.

మార్చి 5

పొడుగు ఫోను. రేపు సరిహద్దు దాటుతున్నారు.

"తాతా, పెద్దాయన మా క్యాంపుకొచ్చారు. ఆ కాలితోనే ప్రతి వరసా తిరిగారు. మా ఆఫీసరు ఎప్పుడూ మొహం గంటు పెట్టుకునుంటాడా, ఏడ్చేశాడు. ఆయన ఆ కాలితో నడుస్తుంటే మేం ఎంతదూరమైనా నడుస్తాం."

"జాగ్రత్త" అన్నాను. 

క్యాంపుకొచ్చినవాడు నా కొత్త బూట్లే వేసుకుని ఉంటాడు.

మార్చి 12

ఫోను లేదు.

మార్చి 19

ఫోను లేదు. కోడలు ఫోనును కొంగున ముడి వేసుకుని తిరుగుతోంది.

మార్చి 26, బుధవారం

సైన్యం దాటి రేపటికి మూడు వారాలు. టీవీలో మూడు వారాల మాట ఎవరూ ఎత్తలేదు. చేయూత రెండో దశ అంటున్నారు.

వీధిలో కుర్రాళ్ళు కుడివైపు పడుతూ నడుస్తున్నారు. ముందు ఇద్దరు ముగ్గురు. అభిమానమట. ఇవాళ బడి వదిలాక పిల్లల వరస మొత్తం అలాగే వెళ్ళింది, పంతులమ్మతో సహా. చప్పుడు కూడా ఒకటే. ఒక అడుగు తేలిక, ఒక అడుగు బరువు. నేను తలుపు వేసుకున్నాను. తలుపులోంచి కూడా వినిపించింది.

మార్చి 28

నా దగ్గరకు ఒక బ్యాంకు గుమాస్తా వచ్చాడు. ఎడమ బూటులో ఏదైనా ఎత్తు పెట్టమన్నాడు.

"కాలికేమైంది?"

"ఏమీ కాలేదు. మా ఆఫీసులో అందరం పెద్దాయనలా నడుస్తున్నాం, సంఘీభావం. గులకరాయి పెట్టుకుంటే గుచ్చుకుంటోంది. మీరైతే మెత్తగా పెడతారని."

"బయటికి నడు" అన్నాను.

మార్చి 31, సోమవారం

ఎదురింటి వడ్రంగి కొడుకును పెట్టెలో తెచ్చారు. పొడుగుతో కలిసి చదివాడు. వడ్రంగి పెట్టె చుట్టూ తిరిగి దాని మూలలు తడిమి చూస్తున్నాడు. "చెక్క పచ్చిది. ఇలాంటి చెక్క వాడకూడదు" అంటున్నాడు, అదే మాట. ఎవరూ ఆపలేదు.

కోడలు ఇంటికి వచ్చి అడిగింది. "మామయ్యా, మీకు పెద్దింట్లో అంత పలుకుబడి ఉందిగా. మనవాణ్ణి వెనక్కి పంపమని ఒక్కమాట అడగలేరా?"

"నేను ఎవర్నీ ఏదీ అడగలేదు ఇంతవరకూ."

"తెలుసు. మీరు అడగరు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అడగను అని కాదు. ఎవర్ని అడగాలి? ఆ బూట్లలో ఉన్నది పెద్దాయన కాదు. రాశాను. రాయడానికి ఏడు వారాలు పట్టింది.

ఇవాళ వచ్చిన జత ఎడమ బూటు విప్పాను. ఎత్తు తీసేశాను. మళ్ళీ కుట్టి పంపాను. కుంటు పోతే దెబ్బకు దెబ్బ అనే మాట పోతుంది. ఆ మాట పోతే పిల్లలు ఇంటికి వస్తారు.

ఏప్రిల్ 10, గురువారం

టీవీలో తిన్నగా నడిచాడు. కవాతు మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి. జనం చప్పట్లు ఆపేశారు. అంతమంది ఉన్న మైదానంలో అతని అడుగుల చప్పుడు ఒక్కటే.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఇవాళ కుంటుతూ నడిచాడు. వేరే జత.

"నిన్న బాగానే నడిచాడుగా?" అన్నాడొకడు టీ కొట్టు దగ్గర.

"దేవుడి దయ" అన్నాడు టీ కొట్టువాడు.

"మరి ఇవాళ?"

"దేవుడికి వేరే పనులుండవా?"

ఏప్రిల్ 13, ఆదివారం

నిన్న కళ్ళజోడు కారు పంపించి పెద్దింటికి తీసుకెళ్ళాడు. వరసగా రాస్తాను.

అతని బల్ల మీద రెండు ఎడమ బూట్లు. ఒకదాంట్లో అతని చెయ్యి ఉంది. నాది కాని చెయ్యి అందులో చూడడం అదే మొదటిసారి.

"దీంట్లో ఎత్తుంది, దీంట్లో లేదు. ఎందుకు తీశావు?"

"మొదట ఎందుకు ఉందో అడగండి."

చెప్పాను. పెద్దాయన కాలు, ముప్పై ఒక్క ఏళ్ళు, అంతా. అతను విని కుర్చీలో వెనక్కి వాలి, "కుంటు ఇక్కణ్ణుంచి వచ్చిందా" అన్నాడు. నాతో కాదు.  తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ మామూలు మనిషైపోయాడు.

"తిరిగి పెట్టు. జనానికి అలవాటైంది."

"సైన్యాన్ని వెనక్కి పిలవచ్చుగా?"

"నువ్వు చెప్పులు కుట్టు."

"కుడతాను. కానీ ముప్పావు అంగుళం ఒక్కటే చాలదు, ఆ కాళ్ళు ఎవరివో వాటికి కొలత తియ్యాలి. లేకపోతే ఒకరోజు ఒకలా, ఒకరోజు ఒకలా నడుస్తాడు. కొలత తీసేటప్పుడు గదిలో ఇంకెవరూ ఉండకూడదు. పెద్దాయన కూడా నా పద్ధతి కాదనలేదు."

ఒప్పుకున్నాడు. వేరే దారి లేదు.

కిటికీలు లేని గది. నేల మీద కాగితం పరిచి మోకాళ్ళ మీద కూర్చున్నాను. అతను వచ్చి కాగితం మీద నిలబడ్డాడు. తల ఎత్తలేదు నేను. అవే పాదాలు, ఆ అట్ట మీద రెండో అచ్చు. బొటనవేలు కొంచెం లోపలికి. పెన్సిలు పాదం చుట్టూ తిప్పుతూ ఆ పాదాలనే అడిగాను.

"పెద్దాయన ఎక్కడ?"

"పైన" అన్నాడు. మెల్లగా అన్నాడు. టీవీలో గొంతు కాదు. "ఆ అంతస్తుకి నన్ను పోనివ్వరు. రెండు పూటలా భోజనం పైకి వెళ్తుంది. వెళ్ళింది వెళ్ళినట్టే దిగుతుంది."

"ఉన్నాడా, పోయాడా?"

"అలా అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు పెద్దయ్యా."

"నువ్వెవరివి?"

"రైల్వే స్టేషన్లో టికెట్లు ఇచ్చేవాణ్ణి. పోలికలున్నాయని కౌంటరు ముందు జనం నవ్వుకునేవాళ్ళు. ఒకరోజు కళ్ళజోడాయన వచ్చి నవ్వకుండా చూశాడు."

"ఈ బూట్లు నడకకు అడ్డమొస్తున్నాయని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. పెద్దాయన బూట్లకే వంక పెడతావా అన్నారు. మొదటిరోజు కుంటుతూ నడిచాను, కెమెరాలు చూసేశాయి. కుంటుకి కారణం కావాలి కదా, సాయంత్రానికి రాసుకొచ్చారు. ఆ రాసిందానికి మళ్ళీ సైన్యం కావలసొచ్చింది."

"సైన్యాన్ని పంపమన్నది ఎవరు?"

"ఫైలొస్తుంది. అడుగున సంతకం పెడతాను. ఎవరు రాస్తున్నారో నాకు తెలీదు. కళ్ళజోడాయనకీ తెలీదేమో అనిపిస్తుంది ఒక్కోసారి. ఎవరికి వాళ్ళు పైనుంచి వచ్చిందనుకుంటారు."

పైన అంటే ఏ పైనో. నా చేతిలో పెన్సిలు ఆగింది. పై అంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడు లాంటిది వినిపించింది. ఇద్దరం విన్నాం. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అప్పుడు అడిగాను. బతుకులో మొదటిసారి ఒకణ్ణి అడిగాను, అదీ మోకాళ్ళ మీద. "నా మనవడు అక్కడున్నాడు. వాణ్ణి రప్పించు."

"నా కొడుకూ అక్కడే ఉన్నాడు."

నేను రెండో పాదం చుట్టూ గీత పూర్తి చేశాను.

"ఫైల్లో ఒక కాగితం దూర్చొచ్చు. ఒక్కసారి, ఒక్క పేరు. నా కొడుకు పేరైతే వీళ్ళు ఇట్టే పట్టేస్తారు, నా ఇంటి సంగతి వీళ్ళకి తెలుసు. మీవాడి పేరైతే ఎవరూ ఆగి చూడరు."

"తర్వాత తెలిస్తే?"

"తెలీకపోవచ్చు. పేరు రాసివ్వండి."

కాగితం మూల చింపి రాశాను. కోడలు రోజూ జపం చేసే వాడి సైన్యం నంబరు కూడా రాశాను. తప్పు పోకుండా రెండుసార్లు రాశాను. అతను మడిచి పిడికిట్లో పెట్టుకున్నాడు. బయటికి పోతూ అలవాటుగా కుడివైపు పడుతూ నడిచాడు. కాళ్ళకు బూట్లు లేవు.

ఏప్రిల్ 15

నేను అడగలేదు. అతనే ఇస్తానన్నాడు.

ఏప్రిల్ 18

అతని కొడుకు పేరేమిటి అని అడిగి ఉండొచ్చు. ఆ రెండు నిమిషాల్లో ఎవరికి తోస్తుంది? అతను చెప్పలేదు కూడా.

ఏప్రిల్ 27, ఆదివారం

పొడుగు వచ్చాడు.

సంచీ గుమ్మంలో పెట్టి, "అమ్మా" అన్నాడు. కోడలు వాణ్ణి తడిమిన తీరు చూడలేకపోయాను. చేతులు, వీపు, చెవులు కూడా. అన్నీ ఉన్నాయి.

భోజనం దగ్గర నా వైపు చూశాడు. "నన్నొక్కణ్ణే ఎందుకు పిలిచారో తెలీట్లేదు తాతా. కాగితం మీద సాక్షాత్తూ పెద్దాయన సంతకం. మావాళ్ళు పదకొండు మంది ఇంకా అక్కడ మేం కాపలా ఉన్న గోడ వెనకే ఉన్నారు. నా చోట్లో ఇంకొకణ్ణి నిలబెట్టారు."

"తిను" అన్నాను.

"ఎవరో తెలీదు వాడు. కొత్తవాడు."

"తినరా ముందు."

కోడలు వాడి కంచంలో వడ్డిస్తూనే ఉంది.

మే 5, సోమవారం

కొత్త డ్రైవరు వచ్చాడు. పాతవాణ్ణి వేరే పనిలో వేశారట. ఒక కాగితం ఇచ్చాడు, పాదాలు గీసి ఉన్నాయి. ఎవరో చేతకానివాడు గీశాడు.

"ఇకనుంచి ఈ కొలత. ఎత్తు మాత్రం ఎప్పట్లాగే. పాత కొలత చింపెయ్యమన్నారు."

చూశాను. బొటనవేలు తిన్నగా ఉంది. మడమ వెడల్పు. పెద్దాయన కాదు. టికెట్ల మనిషీ కాదు. మూడోవాడు.

"పాత కొలతాయనకు ఏమైంది?"

డ్రైవరు నన్ను వింతగా చూశాడు. "ఏ ఆయన? పెద్దాయన ఒక్కరే కదా."

పాత కాగితం చింపేశాను.

మే 9, శుక్రవారం

రెండు జతలు పంపాను. ఎత్తు పెట్టాను. పెట్టకపోతే ఏమవుతుంది, నాలుగోవాడు వస్తాడు. పొడుగు ఇంట్లో ఉన్నాడు. వాణ్ణి మళ్ళీ పిలవాలంటే ఒక్క సంతకం చాలు.

టీవీలో పెద్దాయన రాగానే పొడుగు లేచి నిలబడ్డాడు. కోడలూ నిలబడింది. నన్ను చూశారు. నేనూ లేచాను.

చేయూత మూడో దశ.

మే 19, సోమవారం

ఒకావిడ వచ్చింది. నలభై అయిదు ఉంటాయి. చేతిసంచీలోంచి మగవాళ్ళ చెప్పుల జత తీసింది, వార్లు తెగి ఉన్నాయి.

"మా ఆయనవి. పెద్దింట్లో ఉద్యోగమిచ్చారు, ఎనిమిది నెలలైంది. ఇంటికి రానివ్వరు, నెలకో ఉత్తరం. పోయిన నెల ఉత్తరంలో నా చెప్పులు మీ దగ్గరే బాగుచేయించమని రాశారు, వీధి పేరు కూడా రాశారు. అంత దూరమెందుకండీ అనుకున్నా. ఆయన ఊరికే రాయరుగా."

"ఈ నెల ఉత్తరం?"

"ఇంకా రాలేదు. పనెక్కువై ఉంటుంది."

రేపు రమ్మన్నాను. ఆవిడ వెళ్ళాక చెప్పును కాగితం మీద పెట్టాను. పాత కొలత కాగితం మీద. చింపేశానని రాశాను గానీ చింపలేదు. గీతకు గీత సరిపోయింది.

మే 20

అయ్యాయి. వార్లు రెండు కుట్లలో అయిపోయాయి. ఆవిడ వచ్చింది. ఇంకా కాలేదన్నాను.

మే 21

కాలేదన్నాను.

మే 22

కాలేదన్నాను. ఆవిడ కోపగించుకోలేదు. పొడుగు గుమ్మంలో కూర్చుని ఉంటే వాణ్ణి పలకరించింది. "నువ్వు అక్కణ్ణుంచి వచ్చావా బాబూ? మా వాడూ అక్కడే ఉన్నాడు. వాళ్ళ నాన్న పెద్దింట్లోనే ఉన్నాడుగా, ఎలాగోలా రప్పిస్తాడు" అంది. పొడుగు లేచి తన కుర్చీ ఆవిడకిచ్చాడు.

మే 24, శనివారం

"మామయ్యా, ఆ చెప్పులు ఎప్పుడో అయిపోయాయి. నేను చూశాను. ఆవిణ్ణి ఎందుకు తిప్పుతున్నారు?" అంది కోడలు. ఈ గదిలోకి వచ్చి మరీ అంది.

"నా పని నాకు తెలుసు."

"మీ పని మీకు తెలుసు. కాదన్నానా?"

మే 26, సోమవారం

ఆవిడకు చెప్పులిచ్చాను. కాగితంలో చుట్టి చేతిలో పెట్టాను. డబ్బు తీసుకోలేదు. ఆవిడ విప్పి చూసి, కుట్టు మీద వేలు రాసి, మళ్ళీ చుట్టింది. పోతుందనుకున్నాను. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"మీతో ఒక మాట చెప్పనా పెద్దయ్యా? నవ్వకండి. మా ఆయనకి పెద్దాయన పోలికలున్నాయి. అందరూ అనేవాళ్ళు. ఆయన వెళ్ళాక నేను రోజూ టీవీ ముందు కూర్చుంటున్నాను. పెద్దాయన వస్తే మా ఆయన్ని చూసినట్టే ఉండేది. పక్కకి చూసే తీరూ, మెడ రుద్దుకునే తీరూ. ఎనిమిది నెలలు అలాగే గడిపేశాను."

నేను తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె తీసుకుని మొన చూస్తున్నాను.

"ఈమధ్య ఎందుకో అలా అనిపించట్లేదు. పదిహేను రోజులైంది. అదే మనిషి, అదే కుంటు. కానీ ఎంతసేపు చూసినా మా ఆయన కనపడట్లేదు. ఎందుకంటారు?"

లోపలి గదిలో పొడుగు దగ్గాడు. కోడలు వాడికి మంచినీళ్ళు తీసుకెళ్తున్న అడుగుల చప్పుడు. ఆవిడ నా జవాబు కోసం చూస్తోంది.

"వయసమ్మా" అన్నాను. "కళ్ళు చూపించుకో."